రైట్ తిరిగొచ్చింది సరే, బైట్లు ఎక్కడున్నాయి?

(కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్లకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఒకే ఒక్క ఫంక్షన్ గురించి. రైట్. మీరందరూ మొదటి సంవత్సరంలోనే వాడేశారు. ప్రింట్‌ఎఫ్ అని కొట్టిన ప్రతిసారీ లోపల చివరికి జరిగేది అదే. ఒక అవుట్‌పుట్ స్ట్రీమ్ ఉంటుంది, దానికి కొన్ని బైట్లు ఇస్తాం, అది ఎక్కడికో తీసుకెళ్తుంది. అంతే కదా? ఇందులో గంటసేపు చెప్పడానికి ఏముంది అనిపించవచ్చు. ఉంది. చాలా ఉంది. ఎందుకంటే "రాసేశాను" అని మనం అనుకునే క్షణానికీ, నిజంగా రాయడం అయ్యే క్షణానికీ మధ్య చాలా దూరం ఉంది. ఎసింక్రనస్‌గా రాయడం, అంటే పని పూర్తయ్యేదాకా ఆగకుండా ముందుకెళ్లడం, ఆ దూరాన్ని ఒప్పుకోవడమే. ఒప్పుకుని, దానికి తగ్గట్టు ప్రోగ్రామ్ రాయడం.

మీ దగ్గర ల్యాప్‌టాప్ ఉంటే ఈ చిన్న ప్రయోగం ఇప్పుడే చేసి చూడండి. సీ భాషలో ప్రింట్‌ఎఫ్‌తో ఒక లైను రాయండి, చివర కొత్త లైను గుర్తు పెట్టండి. తర్వాతి లైన్లో కావాలని నల్ పాయింటర్‌ని ముట్టుకోండి. ప్రోగ్రామ్ సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో పడిపోతుంది. టెర్మినల్‌లో నడిపితే మీరు రాసిన లైను కనిపిస్తుంది. ఇప్పుడు అదే ప్రోగ్రామ్‌ని, ఒక్క అక్షరం మార్చకుండా, అవుట్‌పుట్‌ని ఫైల్లోకి మళ్లించి నడపండి. ఫైలు తెరిచి చూడండి. ఖాళీ. సున్నా బైట్లు.

ఎందుకు? ప్రింట్‌ఎఫ్ పిలిచాం, అది తిరిగొచ్చింది, ఎర్రర్ ఏమీ చెప్పలేదు. మరి బైట్లు ఎక్కడికి పోయాయి? అవుట్‌పుట్ టెర్మినల్‌కి వెళ్తుంటే సీ లైబ్రరీ లైను పూర్తవగానే బయటికి పంపుతుంది. ఫైలుకి వెళ్తుంటే పంపదు. తన దగ్గరున్న బఫర్, అంటే బైట్లని తాత్కాలికంగా పోగేసే చోటు, నిండేదాకా ఆగుతుంది. ఆ బఫర్ ఉన్నది ఎక్కడ? మీ ప్రాసెస్ మెమరీలోనే. ప్రాసెస్ పోయింది, దాంతోపాటు బఫరూ పోయింది, అందులో ఉన్న మీ లైనూ పోయింది.

ఈ గంటసేపూ నేను మిమ్మల్ని అడుగుతూ ఉండేది ఒకే ప్రశ్న. ఈ క్షణంలో బైట్లు ఎక్కడున్నాయి? ఎవరి చేతిలో ఉన్నాయి? ఎసింక్రనస్ కోడ్‌లో వచ్చే బగ్గుల్లో చాలావాటికి మూలం ఈ ప్రశ్న వేసుకోకపోవడమే.

సరే, బఫర్ దాటించాం అనుకోండి. బఫర్‌ని ఖాళీ చేయించే ఎఫ్‌ఫ్లష్ పిలిచాం, అది ఆపరేటింగ్ సిస్టమ్ రైట్ కాల్‌ని పిలిచింది. ఇప్పుడు డేటా డిస్క్ మీద ఉన్నట్టేనా? ఉన్నట్టే అనుకునేవాళ్లు చేతులెత్తండి. సగం మందికి పైనే ఉన్నారు. కాదండీ. లినక్స్‌లో మామూలు ఫైలుకి రైట్ పిలిస్తే కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, చేసేది, మీ బైట్లని మెమరీలో ఉండే తన పేజ్ క్యాష్‌లోకి కాపీ చేసుకుని "సరే, తీసుకున్నాను" అని తిరిగి రావడం. డిస్క్ మీదికి పంపడం తర్వాత ఎప్పుడో. సిస్టమ్‌లో పుట్టుకతో ఉండే సెట్టింగుల ప్రకారం కెర్నెల్ ఫ్లషర్ 5 సెకన్లకోసారి లేచి చూస్తుంది, 30 సెకన్లు దాటిన మురికి పేజీలని, అంటే మారినా ఇంకా డిస్క్‌కి చేరనివాటిని, అక్కడికి పంపుతుంది. రైట్ తిరిగొచ్చిన పది సెకన్లకి కరెంటు పోతే ఆ డేటా పోవచ్చు. అంటే మనం సింక్రనస్ అని, పని అయ్యాకే తిరిగొస్తుందని అనుకునే రైట్ కూడా లోపల ఎసింక్రనస్సే. మనకి తెలియకుండా, మన తరఫున ఎవరో వాయిదా వేస్తున్నారు.

అలాంటప్పుడు మళ్లీ విడిగా ఎసింక్రనస్ రైట్ ఎందుకు? కెర్నెల్ ఎలాగూ వాయిదా వేస్తోంది కదా? మంచి ప్రశ్న. వాయిదా వేయడానికి చోటు ఉన్నంతసేపే అది వాయిదా. చోటు నిండితే రైట్ ఆగిపోతుంది. నెట్‌వర్క్‌లో ఇది బాగా కనిపిస్తుంది. టీసీపీ సాకెట్‌కి కెర్నెల్‌లో ఒక సెండ్ బఫర్ ఉంటుంది. అవతలివాళ్లు డేటా తీసుకుంటుంటే అది ఖాళీ అవుతూ ఉంటుంది. అవతలివాళ్ల ఫోన్లో సిగ్నల్ తగ్గింది, తీసుకోవడం నెమ్మదించింది. బఫర్ నిండింది. ఇప్పుడు రైట్ పిలిస్తే? మీ ప్రోగ్రామ్‌లో ఆ పని నడిపిస్తున్న థ్రెడ్ అక్కడే నిలబడిపోతుంది. ఏ పనీ చేయదు. సీపీయూ వాడదు. కానీ థ్రెడ్ మాత్రం ఖర్చయిపోయింది. దాని స్టాక్ ఖర్చయిపోయింది. థ్రెడ్ పూల్‌లో, అంటే సిద్ధంగా ఉంచుకున్న థ్రెడ్ల గుంపులో, రెండువందల థ్రెడ్లు ఉంటే, నెమ్మదైన ఫోన్లు రెండువందలు చాలు, మీ సర్వర్ మొత్తం ఆగిపోవడానికి. సీపీయూ గ్రాఫ్ చూస్తే మూడు శాతం. సర్వర్ మాత్రం ఎవరికీ జవాబివ్వదు. మొదటిసారి చూసేవాళ్లకి ఇది అస్సలు అర్థం కాదు.

ఎసింక్రనస్ రైట్ చెప్పేది ఇది: "ఇవిగో బైట్లు. నువ్వు పంపు. అయ్యాక నాకు చెప్పు. ఈలోగా నా థ్రెడ్ వేరే పని చూసుకుంటుంది." మైక్రోసాఫ్ట్ వాళ్ల డాట్‌నెట్‌లో రైట్‌ఎసింక్ పిలిస్తే ఒక టాస్క్, అంటే పని అయిందో లేదో చెప్పే చీటీ లాంటిది, చేతికొస్తుంది. 2012లో 4.5 వెర్షన్‌తో ఇది వచ్చింది. అంతకుముందు బిగిన్‌రైట్, ఎండ్‌రైట్ అని జంటగా వాడేవాళ్లం, అది చదవడానికే కష్టంగా ఉండేది. పైథాన్, నోడ్ (సర్వర్ మీద నడిచే జావాస్క్రిప్ట్), జావా, ఎవరి పద్ధతి వాళ్లది. పేర్లు మారతాయి, ఒప్పందం మాత్రం అన్నిచోట్లా ఒకటే.

ఒప్పందం అన్నాను, గమనించారా? ఒప్పందం అన్నాక మన వైపు నుంచీ కొన్ని బాధ్యతలు ఉంటాయి. అవేంటో చూసేముందు ఒక పక్క విషయం చెప్పాలి, ఎందుకంటే ఇది చాలామందికి తెలియదు. ఎసింక్ అని పేరు పెట్టినంత మాత్రాన కింద నిజంగా ఎసింక్రనస్‌గా జరుగుతోందని కాదు. లినక్స్‌లో సాకెట్లని ఈపోల్ అనే కెర్నెల్ సదుపాయానికి అప్పగించి "ఖాళీ దొరికితే లేపు" అనవచ్చు. మామూలు ఫైల్‌ని ఈపోల్‌కి ఇచ్చి చూడండి, ఈపర్మ్ (ఆ పనికి అనుమతి లేదు) అని ఎర్రర్ ఇచ్చి తిప్పి పంపుతుంది. నాన్‌బ్లాకింగ్ ఫ్లాగ్ పెట్టినా మామూలు ఫైళ్ల మీద అది పనిచేయదు. మరి నోడ్‌లో ఫైల్ రైట్ ఎలా ఎసింక్రనస్ అవుతోంది? నోడ్ వాడే లిబ్‌యూవీ లైబ్రరీ లోపల ఒక థ్రెడ్ పూల్ ఉంది, అప్రమేయంగా నాలుగే థ్రెడ్లు. ఆ నాలుగింటిలో ఒకటి మన తరఫున నిలబడుతుంది. డాట్‌నెట్‌లో ఫైల్‌స్ట్రీమ్ తెరిచేటప్పుడు ఎసింక్రనస్ ఆప్షన్ ఇవ్వకపోతే, రైట్‌ఎసింక్ పిలిచినా లోపల మామూలు రైటే థ్రెడ్ పూల్‌లో నడుస్తుంది. తప్పేం కాదు. కానీ మీకు తెలిసి ఉండాలి. లినక్స్‌లో ఈ పరిస్థితిని మార్చడానికే యెన్స్ ఆక్స్‌బో ఐఓ యూరింగ్ తెచ్చారు. 2019లో 5.1 కెర్నెల్‌తో వచ్చింది. పనుల వరస ఒకటి, పూర్తయినవాటి వరస ఒకటి, రెండూ కెర్నెల్‌కీ ప్రోగ్రామ్‌కీ ఉమ్మడి మెమరీలో ఉంటాయి. మామూలు ఫైళ్లకీ పనిచేస్తుంది. దాని గురించి విడిగా ఇంకో రోజు మాట్లాడుకోవాలి, ఇవాళ అటు వెళ్లను.

ఇప్పుడు మన బాధ్యతల దగ్గరికి వద్దాం. తెర మీద కోడ్ చూడండి. ఎనిమిది వేల చిల్లర బైట్ల అర్రే ఒకటి. లూపులో ఒక ఫైలు నుంచి ఆ అర్రేలోకి చదువుతున్నాం, రైట్‌ఎసింక్‌తో అవుట్‌పుట్ స్ట్రీమ్‌కి ఇస్తున్నాం. మళ్లీ చదువుతున్నాం, మళ్లీ ఇస్తున్నాం. ఏం లోపించింది? ఎవరైనా చెప్పండి. అవును, అవెయిట్ లేదు, అంటే టాస్క్ పూర్తయ్యాకే ముందుకెళ్లమని చెప్పే మాట. అవెయిట్ లేకపోతే ఏమవుతుంది? "ఫాస్ట్‌గా నడుస్తుంది" అని అక్కడెవరో అన్నారు. ఫాస్ట్‌గానే నడుస్తుంది. ఇప్పుడు మన ప్రశ్న వేసుకోండి. బైట్లు ఎవరి చేతిలో ఉన్నాయి?

రైట్‌ఎసింక్ మీ అర్రేని కాపీ చేసుకోవాలని ఎక్కడా లేదు. అది మీ అర్రేనే చూస్తూ ఉండవచ్చు. రాయడం ఇంకా మొదలవలేదు అనుకోండి. మీరు లూపులో ముందుకెళ్లి అదే అర్రేలోకి రెండో ముక్క చదివేశారు. ఇప్పుడు మొదటి రైట్ మొదలైంది. అది ఏం రాస్తుంది? రెండో ముక్కని. తర్వాత రెండో రైటూ రెండో ముక్కనే రాస్తుంది. అవుట్‌పుట్ ఫైలు సైజు చూస్తే సరిగ్గా ఉంటుంది, ఒక్క బైటూ తేడా ఉండదు. లోపల మొదటి ముక్క లేదు, రెండోది రెండుసార్లు ఉంది. ఎర్రర్ ఏమీ రాదు. ఎక్సెప్షన్ రాదు. లాగ్‌లో ఏమీ ఉండదు. ఎప్పుడో ఒకరు ఆ ఫైలు తెరిచి "ఇది పాడైపోయింది" అంటారు. అప్పటికి అసలు డేటా ఉంటుందో ఉండదో.

ఇంకా బాధపెట్టే సంగతి చెప్తాను. మీరు దీనికి టెస్ట్ రాశారనుకోండి. టెస్టుల్లో అందరం ఏం వాడతాం? మెమరీస్ట్రీమ్. మెమరీస్ట్రీమ్‌లో రైట్‌ఎసింక్ పిలిచిన చోటే, అప్పటికప్పుడే పూర్తయిపోతుంది. మెమరీలో కాపీయే కదా, ఆగాల్సిన పనేముంది? అందుకని టెస్టులన్నీ పాసవుతాయి. అసలు సర్వర్ మీద, అసలు నెట్‌వర్క్ మీద, లోడ్ ఎక్కువున్న రోజున మాత్రమే బగ్ బయటపడుతుంది. అందుకని మొదటి బాధ్యత: టాస్క్ పూర్తయిందని కబురు వచ్చేదాకా ఆ బఫర్ మీది కాదు. అప్పు ఇచ్చేశారు. దాన్ని మార్చకూడదు, పూల్‌కి తిరిగి ఇవ్వకూడదు, వేరే పనికి వాడకూడదు.

ఇక్కడే ఇంకోటి. రెండు రైట్‌ఎసింక్‌లు ఒకే స్ట్రీమ్ మీద ఒకేసారి నడుస్తుంటే ఏది ముందు వెళ్తుంది? చెప్పలేం. చాలా స్ట్రీములు ఏ హామీ ఇవ్వవు. డాట్‌నెట్‌లో స్ట్రీమ్‌రైటర్ అయితే, ముందు మొదలైన పని ఇంకా అవలేదు అని ఎక్సెప్షన్ విసురుతుంది. దానికి మనం సంతోషించాలి, కనీసం చెప్తోంది. అక్కడి వెబ్‌సాకెట్ మీద కూడా ఒకసారికి ఒక సెండ్ మాత్రమే నడవాలి అన్నది రూలు. కానీ చాట్ సర్వర్‌లో ఒకే సాకెట్‌కి పదిమంది మెసేజీలు పంపుతారు కదా, ఏం చేయాలి? క్యూ పెట్టండి. పదిమందీ క్యూలో వేస్తారు. క్యూ నుంచి తీసి సాకెట్‌కి రాసేది ఒక్కడే. ఒకటి రాస్తాడు, అవెయిట్ చేస్తాడు, తర్వాతది తీస్తాడు. స్ట్రీమ్‌కి ఒక్కడే యజమాని. లాకులతో తంటాలు పడేకన్నా ఈ పద్ధతి ఎంతో తేలిక, చదివేవాళ్లకీ వెంటనే అర్థమవుతుంది. ఆ క్యూకి ఒక హద్దు పెట్టడం మాత్రం మర్చిపోవద్దు. ఎందుకో ఇప్పుడే చూస్తాం.

నాకు చాలా ముఖ్యమనిపించే విషయం ఇది, కొంచెం నిదానంగా వెళ్తాను. నోడ్‌లో రాసేవాళ్లు ఎంతమంది ఉన్నారు? బాగానే ఉన్నారు. రైట్ పిలిస్తే అది ఏం తిరిగి ఇస్తుంది? ఎవరైనా? ట్రూ లేదా ఫాల్స్. ఎంతమంది దాన్ని ఎప్పుడైనా చూశారు? చూశారా, ఇద్దరే. ఆ ఫాల్స్‌కి అర్థం, "నా దగ్గర పేరుకుపోతోంది, కాసేపు ఆపు" అని. స్ట్రీమ్‌కి హై వాటర్ మార్క్ అని ఒక గీత ఉంటుంది. చాలాకాలం 16 కేబీ ఉండేది, నోడ్ 22 నుంచి 64 కేబీ చేశారు. గీత దాటితే ఫాల్స్ ఇస్తుంది. ఖాళీ అయ్యాక డ్రెయిన్ అని ఈవెంట్ పంపుతుంది, అప్పుడు మళ్లీ మొదలుపెట్టవచ్చు. గుంటూరు మిర్చి యార్డు తెలుసు కదా, లోపల టిక్కీలు పేరుకుపోతే ఉన్న సరుకు ఎత్తేదాకా కొత్త సరుకు తేవద్దని రైతులకి ముందే చెప్తారు. అలాంటి కబురే ఇదీ.

అయితే ఒక తేడా ఉంది, జాగ్రత్తగా వినండి. నోడ్‌లో ఆ గీత సలహా మాత్రమే. ఫాల్స్ వచ్చాక కూడా మీరు రైట్ పిలిస్తే వద్దనదు. తీసుకుంటుంది. మెమరీలో పెట్టుకుంటుంది. ఇంకా పిలిస్తే ఇంకా పెట్టుకుంటుంది. మెమరీ అయిపోయేదాకా.

ఒక లెక్క వేద్దాం. 300 ఎంబీ వీడియో ఫైలు. సర్వర్ డిస్క్ సెకనుకి 500 ఎంబీ చదవగలదు. విద్యార్థి ఫోన్లో డౌన్‌లోడ్ చేస్తున్నాడు, సెకనుకి అర ఎంబీ వస్తోంది. అతనికి పూర్తిగా చేరడానికి 600 సెకన్లు, అంటే పది నిమిషాలు. మీ కోడ్ ఏం చేస్తోంది? రీడ్ స్ట్రీమ్ నుంచి డేటా వచ్చినప్పుడల్లా రెస్పాన్స్ మీద రైట్ పిలుస్తోంది, ఫాల్స్‌ని చూడటం లేదు. సెకను లోపే 300 ఎంబీ మొత్తం మీ సర్వర్ మెమరీలోకి వచ్చి కూర్చుంది. పది నిమిషాలపాటు మెల్లగా కరుగుతుంది. ఇప్పుడు ఒకరు కాదు, క్లాసులో నలభై మంది ఒకేసారి నొక్కారు. నలభై మూడువందలు ఎంత? 12,000 ఎంబీ. 12 జీబీ. డిస్క్ వేగం ప్రకారం అరనిమిషం లోపే పేరుకుపోతుంది. ఎనిమిది జీబీ మెమరీ ఉన్న మెషీన్ అయితే ఆ ప్రాసెస్‌ని కెర్నెల్ మధ్యలోనే చంపేస్తుంది. నలభై మంది డౌన్‌లోడ్లూ పోతాయి.

ఫాల్స్‌ని గౌరవిస్తే? ఒక్కొక్కరికి 64 కేబీ చొప్పున నలభై మందికి రెండున్నర ఎంబీ. రీడ్ బఫర్లు, కెర్నెల్ బఫర్లు ఇంకొంచెం కలుపుకోండి. 12 జీబీ ఎక్కడ, ఇది ఎక్కడ? నలభై మందికీ ఫైలు అదే వేగంతో చేరుతుంది, ఎవరికీ ఒక్క సెకను ఆలస్యం కాదు. ఎందుకంటే ఆలస్యం ఉన్నది ఫోన్ దగ్గర, మనం తొందరపడి మెమరీలో పోసినంత మాత్రాన ఫోన్ వేగం పెరగదు.

నోడ్‌లో దీన్ని చేత్తో రాయకండి. పైప్‌లైన్ అని ఫంక్షన్ ఉంది, 2018లో 10వ వెర్షన్‌తో వచ్చింది. చదివే స్ట్రీమ్, రాసే స్ట్రీమ్ ఇచ్చేస్తే ఆపడం, మళ్లీ మొదలుపెట్టడం, మధ్యలో ఒకవైపు తెగిపోతే రెండోవైపు మూసేయడం, అన్నీ అదే చూసుకుంటుంది. పైథాన్‌లో ఎసింక్‌ఐఓ వాడేవాళ్లు ఇంకో విషయం గమనించండి. అక్కడ స్ట్రీమ్‌రైటర్ మీద రైట్‌కి అవెయిట్ లేదు, అది మామూలు ఫంక్షన్. అవెయిట్ చేయాల్సింది తర్వాత వచ్చే డ్రెయిన్‌ని. డ్రెయిన్ రాయకపోతే కోడ్ నడుస్తుంది, టెస్టులు పాసవుతాయి, ఇందాకటి 12 జీబీ కథ మళ్లీ మొదలవుతుంది. అక్కడ పై గీత 64 కేబీ, కింది గీత దానిలో నాలుగోవంతు, 16 కేబీ. పైది దాటితే డ్రెయిన్ ఆగుతుంది, కిందిదాకా తగ్గాక వదులుతుంది. అంటే డ్రెయిన్ తిరిగొచ్చిందంటే డేటా అంతా పోయిందని కాదు. "ఇంక రాయొచ్చు" అని మాత్రమే. బైట్లు ఎక్కడున్నాయి అంటే ఇంకా కొన్ని మన దగ్గరే ఉండొచ్చు. వెబ్ అభ్యర్థనలకి జవాబిచ్చే జావా సర్వ్‌లెట్లలో కూడా 2013లో 3.1తో ఇదే ఆలోచన వచ్చింది. ఈజ్‌రెడీ అని అడగాలి, కాదంటే ఆగాలి, రాయగలిగినప్పుడు సర్వ్‌లెట్లని నడిపే కంటైనరే మనల్ని పిలుస్తుంది.

ఇందాక క్యూకి హద్దు పెట్టమన్నది ఇందుకే. హద్దు లేని క్యూ పెడితే మెమరీ పేరుకునేది స్ట్రీమ్‌లో కాకుండా మీ క్యూలో, అంతే తేడా.

ఇప్పుడు ముగింపు సంగతి. నా ముగింపు కాదు, స్ట్రీమ్ ముగింపు. ఎసింక్రనస్ రైట్లలో అన్నిటికంటే ప్రమాదమైన చోటు చివరే. ఎందుకంటే చివరి బఫర్ సగమే నిండి ఉంటుంది. ఎవరో ఒకరు దాన్ని తోయాలి. నోడ్‌లో ఫైల్ స్ట్రీమ్‌కి రాస్తూ రాస్తూ చివర ప్రాసెస్ ఎగ్జిట్ అని పిలిచేస్తారు. ఇంకా వెళ్లాల్సిన బైట్లు అక్కడే పోతాయి. ఎండ్ పిలవండి, ఫినిష్ ఈవెంట్ వచ్చేదాకా ఆగండి. ఎగ్జిట్ కోడ్ ఇవ్వాలంటే ప్రాసెస్‌కి కోడ్ పెట్టేసి, దాన్ని తనంతట తాను ముగియనివ్వండి.

డాట్‌నెట్‌లో దీనికి ఇంకో రూపం ఉంది, చాలామంది దీని దగ్గర ఇరుక్కుంటారు. డాట్‌నెట్‌లో వెబ్ సర్వర్లు రాయడానికి వాడే ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్‌లో, 2019లో వచ్చిన 3.0 నుంచి రెస్పాన్స్ స్ట్రీమ్ మీద సింక్రనస్ రైట్లని అప్రమేయంగా ఆపేశారు. మంచి నిర్ణయం, ఎందుకో ఇందాక థ్రెడ్ల కథలో చూశాం. మీరు బుద్ధిగా అంతటా రైట్‌ఎసింక్ వాడారు, అవెయిట్ పెట్టారు. అయినా "సింక్రనస్ పనులు కుదరవు" అని ఎక్సెప్షన్ వస్తుంది. ఎక్కడ? యూజింగ్ బ్లాక్ ముగిసే బ్రాకెట్ దగ్గర! అక్కడ స్ట్రీమ్‌రైటర్ డిస్పోజ్ అవుతుంది, అంటే పని ముగించి మూసుకుంటుంది. డిస్పోజ్ అయ్యేటప్పుడు తన దగ్గర మిగిలిన బఫర్‌ని తోస్తుంది. అది సింక్రనస్‌గా తోస్తుంది. మీ కళ్లకి అక్కడ రైట్ అనే మాటే కనిపించదు, కానీ రైట్ ఉంది. అవెయిట్ యూజింగ్ అని రాయండి, అప్పుడు డిస్పోజ్‌ఎసింక్ నడుస్తుంది.

ఎర్రర్లు కూడా ఆలస్యంగానే వస్తాయి, ఇది మనసులో పెట్టుకోండి. డిస్క్ నిండిపోయింది అనుకోండి. ఆ సంగతి మీకు ఎప్పుడు తెలుస్తుంది? నిండిన రైట్ దగ్గరే తెలుస్తుందన్న గ్యారంటీ లేదు. ఆ బైట్లు బఫర్లోకి హాయిగా వెళ్లిపోయాయి. తర్వాతి రైట్ దగ్గర తెలియవచ్చు, ఫ్లష్ దగ్గర తెలియవచ్చు, క్లోజ్ దగ్గర తెలియవచ్చు. క్లోజ్ ఇచ్చే ఎర్రర్‌ని పట్టించుకోని కోడ్ ఎంత ఉందో చూస్తే భయమేస్తుంది. టాస్క్‌ని అవెయిట్ చేయకుండా వదిలేస్తే దాని ఎక్సెప్షన్ ఎవరికీ వినిపించదు.

దీని లోతు ఎంతో తెలియాలంటే 2018లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో బయటపడ్డ సంగతి చూడాలి. డేటాబేస్ అన్నాక "కమిట్ అయింది" అన్న మాటకి విలువ ఉండాలి కదా. అందుకని అది ఎఫ్‌సింక్ పిలుస్తుంది. ఎఫ్‌సింక్ అంటే "పేజ్ క్యాష్‌లో ఉన్నవి నిజంగా డిస్క్ మీదికి పంపి, అయ్యాక తిరిగి రా" అని. ఎఫ్‌సింక్ విఫలమైతే పోస్ట్‌గ్రెస్ ఏం చేసేది? కాసేపాగి మళ్లీ పిలిచేది. ఎవరైనా అదే చేస్తారు. కానీ లినక్స్ కెర్నెల్, రాయడం విఫలమైన పేజీలని కూడా రాసేసినట్టే గుర్తు పెట్టేస్తోందని తేలింది. ఎర్రర్ ఒకసారి చెప్పేసింది, తన బాధ్యత తీరిపోయింది. రెండోసారి ఎఫ్‌సింక్ పిలిస్తే రాయాల్సిన పేజీలేమీ లేవు, కాబట్టి "విజయం" అంటుంది. డేటా మాత్రం డిస్క్ మీద లేదు. 2019 ఫిబ్రవరి విడుదలల్లో పోస్ట్‌గ్రెస్ వాళ్లు పద్ధతి మార్చారు: ఎఫ్‌సింక్ విఫలమైతే సర్వర్ పానిక్ అయి ఆగిపోతుంది, మళ్లీ లేచి, ముందే రాసిపెట్టుకున్న లాగ్ నుంచి డేటాని తిరిగి కట్టుకుంటుంది. మళ్లీ ప్రయత్నించడం కన్నా పడిపోయి లేవడమే క్షేమం అన్నమాట. అంత అనుభవమున్న వాళ్లు, అన్నేళ్లు నడిచిన సాఫ్ట్‌వేర్. ప్రశ్న మాత్రం అదే. బైట్లు ఎక్కడున్నాయి?

ఫ్లష్‌కీ ఎఫ్‌సింక్‌కీ తేడా కలిపేయకండి. ఫ్లష్ మీ ప్రాసెస్ బఫర్ నుంచి కెర్నెల్ దాకా తోస్తుంది, అంతే. డాట్‌నెట్ ఫైల్‌స్ట్రీమ్‌లో ఫ్లష్‌కి ట్రూ అని ఇస్తే డిస్క్ దాకా వెళ్తుంది. ఫ్లష్‌ఎసింక్‌కి ఆ ట్రూ ఇచ్చే వీలు లేదు, చూసుకోండి.

అంటే అన్నిచోట్లా ఎసింక్రనస్‌గానే రాయాలా? అక్కర్లేదు. మీరు ఒక చిన్న కమాండ్ లైన్ పనిముట్టు రాస్తున్నారు, ఒక ఫైలు చదివి ఇంకో ఫైలు రాసి ముగిసిపోతుంది, ఒక్కరే వాడతారు. మామూలు రైట్ వాడండి, హాయిగా ఉంటుంది. ఇంకోటి, ఎసింక్రనస్ రైట్‌కి ఒక్కో పిలుపుకీ కొంత ఖర్చుంది. ఇరవై బైట్ల చొప్పున లక్షసార్లు అవెయిట్ చేసి రాస్తే మామూలు రైట్ కన్నా నెమ్మదిగా నడవవచ్చు. పెద్ద ముక్కలు చేసి ఇవ్వండి. డాట్‌నెట్‌లో ఒక స్ట్రీమ్‌ని ఇంకోదాన్లోకి కాపీ చేసే కాపీటు వాడే బఫర్ 81,920 బైట్లు ఎందుకు పెట్టారో తెలుసా? 85,000 బైట్లు దాటిన వస్తువులు పెద్దవాటికి విడిగా ఉంచిన మెమరీ భాగానికి (హీప్‌కి) వెళ్తాయి, అక్కడ చెత్త ఎత్తడం, అంటే వాడకం అయిపోయిన మెమరీని వెనక్కి తీసుకోవడం, ఖరీదైన పని. ఆ గీత దాటకుండా, 4,096కి సరిగ్గా గుణిజంగా ఉండే పెద్ద సంఖ్య అది. ఇలాంటి లెక్క వెనక ఎవరో కూర్చుని ఆలోచించారని తెలిస్తే నాకు ఎంతో ఆనందంగా ఉంటుంది.

ప్రశ్నలు ఉంటే అడగండి. ఆ కిటికీ పక్కనున్న అమ్మాయి, చెప్పమ్మా.

"సార్, మెమరీస్ట్రీమ్‌తో టెస్ట్ చేస్తే బగ్ కనపడదు అన్నారు కదా. మరి దేనితో టెస్ట్ చేయాలి?"

చాలా మంచి ప్రశ్న అడిగావమ్మా. నీ సొంత స్ట్రీమ్ క్లాస్ ఒకటి రాసుకో. వంద లైన్లు కూడా అవ్వదు. దాని రైట్‌ఎసింక్‌లో ముందు కాసేపు ఆగు, ఇరవై మిల్లీసెకన్లో ఎంతో. ఆగిన తర్వాత మాత్రమే ఇచ్చిన బఫర్ నుంచి బైట్లు కాపీ చేసుకో, అప్పుడు ఎవరైనా మధ్యలో బఫర్ మారిస్తే దొరికిపోతారు. ఒక రైట్ ఇంకా నడుస్తుండగా రెండోది వస్తే ఎక్సెప్షన్ వేయి. సింక్రనస్ రైట్, సింక్రనస్ ఫ్లష్ ఎవరైనా పిలిస్తే అక్కడా ఎక్సెప్షన్ వేయి, ఇందాక చెప్పిన యూజింగ్ బ్రాకెట్ బగ్ అప్పుడు వెంటనే బయటపడుతుంది. కన్‌స్ట్రక్టర్‌కి ఒక సంఖ్య ఇచ్చి, అన్నో రైట్ దగ్గర కావాలని విఫలమయ్యేలా పెట్టు. ఆ సంఖ్యని ఒకటి, రెండు, మూడు, అలా చివరి ఫ్లష్ దాకా మారుస్తూ టెస్ట్ నడుపు. ప్రతిసారీ నీ కోడ్ పైవాళ్లకి ఎర్రర్ చెప్తోందా, లేక "విజయం" అంటోందా చూడు. ఏ సంఖ్య దగ్గర "విజయం" అన్నదో అక్కడ అవెయిట్ పోయి ఉంటుంది, లేదా చివరి క్లోజ్ ఎర్రర్ ఎవరో మింగేసి ఉంటారు. ముందు ఆ రెండు చోట్లా వెతుకు.